దమయంతి పరీక్ష – అసలైన మినీ కూపరును గుర్తించుట యెట్లు?

దమయంతీ స్వయంవర కథ వినని సోదరి మనలో నుండదు. విదర్భరాజు కొలువుకూటమున నైదుగురు నలులు వరుసగా గూర్చుండిరి. వారిలో నలుగురు దిక్పాలకులు. ఒక్కడు మాత్రమే నిజమైన నలుడు. రూపమున గాని వేషమున గాని వెండ్రుకవాసి భేదము లేదు. అప్పుడా రాజకన్య దేనినిబట్టి తన వరుని గుర్తించినది? అందమునుబట్టి కాదు, అందము అయిదుగురకును సమానమే. దేవతల మేన జెమట లేదు, కన్నుల ఱెప్పపాటు లేదు, మెడలోని పూదండలు వాడలేదు, పాదములు నేల నంటలేదు. నలుని మేన జెమటయు ధూళియు నున్నవి, దండ వాడియున్నది, నేలపై నీడ పడుచున్నది. ఏవి లోపములని లోకము తలచునో యవియే నిజమునకు సాక్ష్యము చెప్పినవి.

ఈ కథ నిప్పుడు తలచుకొనుటకు గారణ మొక మోటారు కారు. నవ్వవలదు. ఇంగ్లండు దేశమున 1963వ సంవత్సరము మొదలు 1971వ సంవత్సరము వఱకు ‘మినీ కూపరు ఎస్’ అను పేర నొక చిన్న కారు తయారయ్యెను. సామాన్య కుటుంబము సంతకు బోయివచ్చుటకై పుట్టిన బండిని, పందెపు యంత్రముల మర్మ మెఱిగినవారు శ్రుతిచేసి పందెపు గుఱ్ఱముగా మార్చిన విచిత్ర మది. నేడది యరుదైన వస్తువు. అరుదగుటచే విలువ పెరిగినది. విలువ పెరుగుటచే మాఱురూపులు పుట్టినవి. మంచి స్థితిలో నున్న యసలైన కూపరు నొకదానిని సంపాదింపవలెనని బయలుదేఱిన గృహస్థుని యెదుట నైదుగురు కాదు, ఏబదిమంది నలులు గూర్చుందురు. అతని కష్టము మనము వినదగినది. ఏలయన, పాత నగ కొన్నను, పాత యిల్లు కొన్నను మన కెదురగు కష్టమును నదియే.

బండి పుట్టుక

1956లో సూయజు కాలువ సంక్షోభము వచ్చి, ఇంగ్లండున పెట్రోలునకు గఱవేర్పడినది. దానిని గొలిచి పంచిపెట్టవలసి వచ్చెను. అప్పుడు బ్రిటిషు మోటారు కార్పొరేషను అధిపతియగు లియొనార్డు లార్డు, తక్కువ పెట్రోలుతో నడచు చిన్న కారు నొకదానిని నిర్మింపుమని అలెక్ ఇసిగోనిసు అను శిల్పిని నియోగించెను. 1959 ఆగస్టు 26వ తేదీన ‘మినీ’ లోకమునకు జూపబడినది. దాని నిడివి పది యడుగులు. చక్రముల కొలత పది యంగుళములు. ఇసిగోనిసు ఇంజనును నిలువుగా గాక యడ్డముగా బెట్టెను. గేరుపెట్టెను వేఱొకచోట నుంచక, ఇంజను క్రింది నూనెతొట్టిలోనే యమర్చెను. ఇందుచే బండి యాక్రమించు స్థలమున నైదుపాళ్లలో నాలుగుపాళ్లు మనుష్యులకును సామానులకును మిగిలినది. ఇఱుకు వంటయింట నేర్పరియగు నిల్లాలు గిన్నెలో గిన్నె నమర్చుకొను విధ మిదియే గదా! ఆ మొదటి యింజను కొలత 848 సి.సి.; బలము 34 అశ్వశక్తులు మాత్రమే.

జాన్ కూపరు అనునతడు లండనునకు సమీపమున సర్బిటనులో దండ్రితో గూడి పందెపు కార్లు నిర్మించుచుండెడివాడు. వారి కార్లు 1959, 1960 సంవత్సరములు రెంటను బ్రపంచ విజేతలయినవి. నడిపినవాడు ఆస్ట్రేలియా దేశీయుడగు జాక్ బ్రాభాము. కూపరు ఇసిగోనిసునకు మిత్రుడు. ఈ చిన్నబండి మలుపులలో నేలను బట్టుకొని పోవు తీరు చూచి, దీనికి మఱికొంత బలము, మంచి బ్రేకులును జేర్చినచో బందెములకు బనికివచ్చునని యతడు తలచెను. వేయి బండ్లు చేసి చూతమని కంపెనీవా రొప్పుకొనిరి. 1961లో 997 సి.సి. ఇంజనుతో, రెండు కార్బురేటర్లతో, ముందుచక్రములకు డిస్కు బ్రేకులతో ‘మినీ కూపరు’ వెలువడినది. దాని బలము 55 అశ్వశక్తులు.

1963లో దానికంటె దిట్టమయిన ‘కూపరు ఎస్’ వచ్చెను. కొలత 1071 సి.సి., బలము 70 అశ్వశక్తులు. మఱుచటి యేట మఱి రెండు కొలతలు, 970 సి.సి.యును 1275 సి.సి.యును జేరినవి. పందెములలో వేయి సి.సి.ల లోపువారి కొక తరగతి, 1100 లోపువారి కొకటి, 1300 లోపువారి కొకటి యుండుటచే నీ మూడు కొలతలును గావలసివచ్చినవి. 1275 దానికి 76 అశ్వశక్తులు. 970 దానిని వేయికి లోపుగనే చేసిరి. కావున వెదకువారికి మిక్కిలి దుర్లభమైనది యదియే.

శ్రుతిచేయుట యనిన నేమి? వీణతంత్రిని బిగించినంతమాత్రమున శ్రుతి కుదురదు; మెట్లును, బిరడలును, కుండయును నొకదాని కొకటి యొదుగవలెను. ఇంజనును నట్టిదే. గాలియు బెట్రోలును లోనికి బోవు త్రోవలను నునుపు చేయవలెను. వాల్వులు పెద్దవి కావలెను. అవి తెఱచుకొను కాలము మారవలెను. పెరిగిన వేగమునకు విఱుగకుండ క్రాంకుషాఫ్టును మేలయిన యుక్కుతో జేయవలెను. ఈ విద్యలో విల్టుషైరునందలి డౌన్‌టన్ గ్రామవాసియగు డేనియలు రిచ్‌మండు పేరు ప్రసిద్ధము. బండిని దయారుచేసిన కంపెనీవారే యతని సలహా పొందిరి. అతడు సిలిండరు హెడ్డులను జెక్కుచుండగా, కర్మాగారపు వ్యవహారమంతయు నతని భార్య బంటీ రిచ్‌మండు నడపినది. వారిచేతిమీదుగా వచ్చిన కూపరు నేడు రత్నములలో రత్నముగా నెంచబడుచున్నది.

సారథ్యము చేసిన సోదరి

ఇంకొక సంగతి మన సోదరీమణులు ముఖ్యముగా నెఱుగవలెను. మినీ కూపరునకు మొట్టమొదటి పెద్ద అంతర్జాతీయ విజయము దెచ్చినది పురుషుడు కాదు. 1962లో హాలండు దేశపు ట్యూలిపు ర్యాలీని గెలిచినది పాట్ మాస్ అను వనిత. ప్రక్కను గూర్చుండి త్రోవ చెప్పినది ఆన్ విజ్డము అను నామె స్నేహితురాలు. అంతకు రెండేండ్ల ముందే, 1960లో, వీరిరువురును మఱియొక కారులో లీజ్–రోమ్–లీజ్ అను కఠినమైన పందెమున బురుషులనందఱను మించి ప్రథములయిరి. పాట్ మాస్ ప్రసిద్ధ పందెగాడగు స్టర్లింగు మాస్ చెల్లెలు. కాని యామె తొలివిద్య కార్లు కాదు, గుఱ్ఱములు. గుఱ్ఱముచేత నడ్డుకంచెలు దాటించు పోటీలలో నామె ముందే పేరుగన్నది. నలునకు దెలిసిన యశ్వహృదయము ఈమెకును దెలిసియుండె ననవచ్చును.

తరువాత మాంటికార్లో ర్యాలీని 1964లో పాడీ హాప్‌కర్కు, 1965లో టిమో మాకినెను, 1967లో రౌనో ఆల్టొనెను ఈ కూపరు ఎస్ తోడనే గెలిచిరి. 1966లో మొదటి మూడు స్థానములును వీరివే యయ్యును, దీపముల విషయమున నియమభంగ మయినదని న్యాయనిర్ణేతలు వారిని దొలగించిరి. ఆ మంచుకొండలలో దనకంటె రెండింతలు మూడింతలు బలముగల కార్లను వెనుకకు ద్రోసిన యీ పదియడుగుల బండిపేరు లోకమంతట మ్రోగినది. గెలిచిన మూడు కార్లును నేడు వార్విక్‌షైరులోని గేడన్ గ్రామమున బ్రిటిషు మోటారు మ్యూజియమునం దున్నవి.

మాఱురూపు లెట్లు పుట్టినవి?

కూపరునకును సామాన్యపు మినీకిని బై రేకు ఒక్కటే. 1959 మొదలు 2000వ సంవత్సరము వఱకు 53 లక్షలకు పైగా మినీలు తయారయినవి. వానిలో దేనినయినను దెచ్చి, పెద్ద యింజను బిగించి, పైకప్పునకు దెల్లరంగు పూసి, వెనుక నొక బిళ్ల తగిలించినచో జూచువానికి గూపరే. ఇట్లు చేయుట తప్పుగాదు. తన ముచ్చటకై చేసికొని, ‘ఇది నేను చేసికొన్నది’ అని చెప్పుకొనువానియందు దోషము లేదు. దానిని అసలుదని యమ్మినప్పుడే యది మోసమగును. ఆ మోసమున బోవునది డబ్బు మాత్రమే కాదు. ఏండ్లతరబడి దాచిన సొమ్ముతో, చిన్ననాటి కోరిక తీర్చుకొనవలెనని వచ్చినవాని నమ్మకమును బోవును. పైమెఱుగు క్రింద తుప్పున్నచో నందెక్కి కూర్చుండు భార్యాబిడ్డల ప్రాణములకును భయమే.

కంటి పరీక్ష

బాహుకరూపముననున్న నలుడు ఋతుపర్ణుని రథమునకు గుఱ్ఱముల నేర్పఱచునప్పుడు కృశించిన గుఱ్ఱములను దెచ్చెను. ఇవి నూఱామడ యెట్లు పోవునని రాజు కోపించెను. బాహుకుడు వాని లక్షణములను జూచెనే గాని కండను జూడలేదు. పాత కారు కొనువాడును నట్లే, పైరంగును విడిచి లోయెముకను జూడవలెను.

మినీకి వేఱుగా బెద్ద చట్రము లేదు. రేకుతో జేసిన యొడలే దానికి వెన్నెముక. తలుపుల క్రింద బొడవుగానుండు సిల్లులు, నేలరేకు, ముందుచక్రముల వెనుక మూలలు, వెనుక పెట్టెలో బ్యాటరీయుండు గుంట, వెనుకచక్రములను బట్టియుండు సబ్‌ఫ్రేము అను నుక్కుచట్రము – ఈ చోట్ల నీరుచేరి తుప్పు పట్టును. తుప్పుపట్టిన సిల్లుపై గ్రొత్తరేకు గప్పి రంగువేయుట సులభము. కావున చాపలెత్తి నేలరేకు చూడవలెను. బండిని బైకెత్తించి, దీపము పట్టుకొని క్రింద దూఱి చూడవలెను. అయస్కాంతపు ముక్క నొకదానిని బలుచని గుడ్డలో జుట్టి రేకుమీద బోనిచ్చినచో, లప్పము పూసినచోట నది యంటుకొనదు. వానలో దడిసిన బండిని గొనరాదు. తడిసిన రంగు తనలోని మచ్చలన్నిటిని దాచుకొనును.

ఆ దేశపు చట్టప్రకారము, పెద్ద మార్పులు చేయబడని 40 ఏండ్లు దాటిన కార్లు 2018 మే మాసము నుండి యేటేటి తనిఖీకి బోనక్కఱలేదు. కావున ప్రభుత్వపు పరీక్షయే రక్షించునని యూరకుండుట పొరపాటు. ఎవరికి వారే తనిఖీదారులు కావలెను.

అన్నిటికంటె దమయంతి చూపిన సూక్ష్మ మిచట మఱువరాదు. అఱువది యేండ్ల బండిలో సీటు నలగక, పెడలు రబ్బరు అరుగక, నట్ల తలలపై స్పానరు గీత యొక్కటియు లేక, అంతయు దేవతాస్వరూపముగా నున్నచో సంతోషింపక సందేహింపవలెను. సమస్తమును మార్చివేసియుండవచ్చును. అరిగిన స్టీరింగు చక్రము, సొట్టబడిన సామానుపెట్టె, అడుగున బాతరంగు జాడ – ఇవి చెమట, ధూళి, వాడిన పూదండ.

చెవి పరీక్ష

ఋతుపర్ణుని రథము కుండినపురము ప్రవేశింపగనే, అంతఃపురమున నున్న దమయంతి యా చక్రధ్వని విని ‘ఇది నలుని సారథ్యమే’ యని యులికిపడినది. రూపము మారినను ధ్వని మారలేదు.

కూపరు కొనువాడు మొదట గోరవలసిన దొక్కటి: తాను వచ్చువఱకు నింజను వేడిచేయరాదు. ముందే వెచ్చబఱచిన యింజను తన రోగములను దాచును. చల్లగానున్నప్పుడు కదలించి, గొట్టమునుండి నీలిపొగ వచ్చునేమో చూడవలెను. వచ్చినచో నూనె కాలుచున్నదన్నమాట. ఈ బండిలో గేరులును నింజనును ఒక్క నూనెయందే స్నానము చేయును గావున, ఒకదాని యరుగుదల రెండవదానిని బాధించును. నూనె దింపు మరకు అయస్కాంత మమర్చబడియున్నది. దానికి బొడివంటి ఉక్కురజము కొంచె మంటుట సహజమే. తునుకలు కనబడినచో గేరుపండ్లు విఱుగుచున్నవని యెఱుగవలెను. బండిని నడపి చూచునప్పుడు రెండవ గేరులో గఱగఱ వినబడినను, గేరు తనంతట తాను జాఱిపోయినను, ఆ బేరము మెల్లగా నడువవలెను.

గుర్తులును, కాగితములును

ఇక జాతిలక్షణములు. సామాన్యపు మినీ యింజనులో సిలిండరు హెడ్డును 9 బిగింపులు పట్టియుంచును. కూపరు ఎస్ లో 11. మొదటి కూపరులో డిస్కు బ్రేకు 7 అంగుళములు. ఎస్ లో 7½ అంగుళములు, దానికి దోడుగా బ్రేకుశక్తిని హెచ్చించు సర్వో. 1966 నుండి ఎస్ కు వెనుక రెండు పెట్రోలు ట్యాంకులు. ఇవి మంచి గుర్తులే. కాని వీనిలో బ్రతియొక్కటియు దెచ్చి తగిలింపదగినదే యని మఱువరాదు. డౌన్‌టన్ పేరుగల బిళ్లను మాత్రము చూచి సొమ్ము చెల్లించువాడు నుదుటిబొట్టు చూచి పతివ్రతయని నిర్ణయించువానివంటివాడు.

కావున చివరకు గాగితములే శరణ్యము. ప్రతి బండికిని ఛాసీసు సంఖ్య, ఒడలి సంఖ్య, ఇంజను సంఖ్య యని మూడుండును. కర్మాగారపు పాత ఖాతాపుస్తకములు గేడన్ మ్యూజియమున భద్రముగా నున్నవి. రుసుము చెల్లించి యడిగినచో, ఆ సంఖ్యగల బండి యేనాడు తయారయినదో, ఏ రంగుతో, ఏ యింజనుతో వెలువడినదో, ఏ వర్తకునకు బంపబడినదో వ్రాసి ధ్రువపత్ర మిత్తురు. ఆ పత్రమున నున్నదియు, బండిమీద జెక్కియున్నదియు నొక్కటియైనప్పుడే పెండ్లిమాట లాడదగును. పత్రమింకను రాలేదు, ముందు బయానా యిమ్మనువానిని విడిచి రావలెను.

ఇచట నొక ధర్మసూక్ష్మ మున్నది. కంపెనీవారి పందెపు విభాగము ఆబింగ్డన్ పట్టణమున నుండెను. పందెములలో నలిగిన యొడలిని దీసివేసి, క్రొత్త యొడలికి బాత నంబరే తగిలించి మరల బంపుట యచట వాడుక. నేడును బ్రిటిషు మోటారు హెరిటేజి అను సంస్థవారు మినీకి గ్రొత్త యొడళ్లు తయారుచేయుచున్నారు. తుప్పుపట్టిన కూపరునకు గ్రొత్తయొడలు తొడిగినచో నది పాత కూపరేనా? ఆత్మ దేహమును విడిచి దేహమును దాల్చునని చదువుకొన్న మనకు ఈ ప్రశ్న వింతగా దోపదు. నా బుద్ధికి దోచిన సమాధాన మిది: మార్చుట దోషము కాదు, మార్చితినని చెప్పకుండుట దోషము. క్రొత్తయొడలని వ్రాతపూర్వకముగా జెప్పి, తగిన వెలకు నమ్మినచో నది నిజమైన వస్తువే. చెప్పక యమ్మినచో, లోని యింజను అసలుదయినను బేరము కపటమే. మంచి స్థితి యనగా మచ్చలేని రంగు కాదు. ఏ భాగ మెన్నడు మారినదో దాపరికము లేకుండ దెలియవచ్చు స్థితియే మంచి స్థితి.

దమయంతి రథధ్వని విని గుర్తించియు, అంతటితో దొందరపడలేదు. కేశినిని బంపి బాహుకుని నడవడి గనిపెట్టించినది. అతడు వండిన వంట తెప్పించి రుచిచూచినది. బిడ్డలను బంపి యతని కన్నీరు చూచినది. మనసు ముందే చెప్పినదానిని నాలుగు పరీక్షలు చెప్పువఱకు బయటబెట్టలేదు. అన్నియు నేకమయిన పిదపనే పిలిపించినది. కూపరును వెదకువానికి గావలసినదియు నంతటి యోరిమియే. ఒంటరిగా బోక తెలిసినవాని నొకని వెంటగొనిపోవలెను. మొదటి చూపుననే సొమ్ము తీయరాదు. నాలుగు బండ్లను విడిచిననే గాని యైదవది దొరకదని మొదటనే మనసు గట్టిచేసికొనవలెను.

తుదకు మనకు సంబంధించిన మాట యొకటి. పాత కూపరుల విషయమున ఖాతాపుస్తకము తరువాత నెక్కువ విలువగల సాక్ష్యము, తొలినాటి యజమాని యింట బీరువాలో మిగిలిన రసీదుల కట్ట: ఫలాన తేదీన బ్రేకులు మార్చితిమి, ఫలాన నాడు క్లచ్చి వేయించితిమి అను చిల్లర కాగితములు. అట్టి కట్టలను బాఱవేయక కట్టిపెట్టు పని చాలయిండ్లలో నిల్లాలిదే. మన యింటను గుట్టుయంత్రము మరమ్మతు చీటీయో, నగ కరగించిన నాటి తూకపు చీటీయో, ఇంటికప్పు మార్పించిన లెక్కయో యున్నచో, పనికిరాదని పొయ్యిలో వేయవలదు. తేదీ వ్రాసి యొక సంచిలో వేసి యుంచుడు. ఏబదియేండ్ల తరువాత నసలేదో నకిలీయేదో తేల్చుకొనవలసిన మనుమరాలికి నా సంచియే నలుని నీడ.